పదహారు గంటల ముసాఫిర్లు

అమ్మీకి ఉమ్రా చేయించాలన్న నియ్యత్ నాకు ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచీ ఉంది. అదిగో ఇదిగో అనుకుంటూనే ఇరవై ఏళ్లు గడిచాయి. చివరికి 2025 ఫిబ్రవరిలో, షాబాన్ నెలలో, బులావా వచ్చింది. విశాఖపట్నం నుంచి హైదరాబాద్, హైదరాబాద్ నుంచి దుబాయ్, దుబాయ్ నుంచి జెడ్డా. వచ్చేటప్పుడూ అదే దారి.

ప్రయాణానికి పది రోజుల ముందు ట్రావెల్స్ అబ్బాయి ఫోన్ చేశాడు. రిటర్న్ ఫ్లైట్ టైమ్ మారిందట. దుబాయ్‌లో ఆరు గంటలు ఉండాల్సింది కాస్తా పదహారు గంటలైంది. టిక్కెట్లు మార్చుకుంటే ఇద్దరికీ కలిపి ఇంకో పాతిక వేలు. ఇంట్లో పంచాయితీ పెట్టాం. ఆపా వద్దంది, బావ మార్చెయ్యమన్నాడు. డెబ్భై రెండేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు, అంతసేపు కుర్చీలో ఎలా కూర్చుంటుందని అందరి ఫికరూ. తస్బీ తిప్పుకుంటూ అంతా విన్న అమ్మీ, "పదహారు గంటలేగా. మీ అబ్బా కోసం ఏడేళ్లు కూర్చోలేదూ నేను" అంది. పంచాయితీ అక్కడితో ఖతమ్.

అబ్బా వెల్డర్. విశాఖ షిప్‌యార్డులో కాంట్రాక్టర్ల కింద పని నేర్చుకుని 1989లో దుబాయ్ డ్రైడాక్స్‌కి వెళ్లారు. 1996లో వచ్చేశారు. మధ్యలో ఒక్కసారి సెలవు మీద వచ్చారు. మేము శృంగవరపుకోటలోనే ఉండేవాళ్లం. నేను మాత్రం విజయనగరంలో మామూ ఇంట్లో ఉండి ఉర్దూ మీడియంలో చదివేవాణ్ని. జుమేరాత్ సాయంత్రం బస్సెక్కి ఎస్.కోట వచ్చేసరికి అబ్బా ఖత్ ఏదైనా వచ్చుంటే అమ్మీ దాన్ని బియ్యం డబ్బా మీద పెట్టి ఉంచేది. అబ్బా ఉర్దూలోనే రాసేవారు. అమ్మీకి ఖురాన్ షరీఫ్ చదవడం వచ్చు గానీ ఉర్దూ రాత కూడబలుక్కోవడం రాదు. ఇంట్లో ఆ రాత వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. అప్పుడు నాకు పదేళ్లు.

సఫర్ సంగతి చెబుతాను. మనవాళ్లు చాలామంది ఇప్పుడు ఉమ్రాకి దుబాయ్, దోహా, అబుధాబీల మీదుగానే వెళ్తున్నారు కాబట్టి ఎవరికైనా పనికొస్తుంది.

వెళ్లేటప్పుడు దుబాయ్‌లో మూడు గంటలే. అదంతా ఇహ్రామ్‌కే సరిపోయింది. ఇటునుంచి వెళ్లే విమానం మీఖాత్‌ని గాల్లోనే దాటుతుంది. మనకి వచ్చేది ఖర్నుల్ మనాజిల్. జెడ్డాలో దిగాక కట్టుకుందాంలే అంటే కుదరదు. ఇంట్లోనే గుస్ల్ చేసుకుని, దుబాయ్‌లో బట్టలు మార్చుకుని, మీఖాత్ దగ్గర పడుతోందని విమానంలో చెప్పినప్పుడు నియ్యత్ చేసుకున్నాను. బాత్రూముల్లో మన ఇండియావాళ్లు తెల్ల గుడ్డలు చుట్టుకోలేక అవస్థ పడుతున్నారు. ఇద్దరు ముసలాళ్లకి నేనే కట్టాను. ఇంట్లో రెండుసార్లు కట్టి చూసుకుని రండి, సిగ్గేమీ లేదు.

వచ్చేటప్పటి పదహారు గంటల్ని ఏం చెయ్యాలన్నదే అసలు ప్రశ్న. ఎయిర్‌పోర్ట్‌లోనే ఉండిపోతే వీసా అక్కర్లేదు. బయటికి వెళ్లాలంటే కావాలి. యూఏఈ రెండు రకాల ట్రాన్సిట్ వీసాలు ఇస్తుంది. 48 గంటలదానికి ఫీజు లేదు, 96 గంటలదానికి 50 దిర్హమ్‌లు. పైన సర్వీస్ చార్జీలు వేరే. అక్కడ దిగి కౌంటర్లో అడిగితే ఇచ్చేది కాదిది. ఆ దేశపు ఎయిర్‌లైన్స్ ద్వారా ముందే దరఖాస్తు చేసుకోవాలి, ముందుకెళ్లే టిక్కెట్టు ఖాయమై ఉండాలి. రూల్స్ మారుతుంటాయి కాబట్టి మీరు వెళ్లేముందు మళ్లీ కనుక్కోండి. నేను 48 గంటలదానికి పెట్టాను. ఎందుకని అమ్మీ అడిగితే, అబ్బా తిరిగిన ఊరు చూద్దువుగాని అన్నాను. ఆమె ఏమీ అనలేదు. ఆ సాయంత్రం మాత్రం పెట్టె తెరిచి, మడతలు ఊడిన ఆ పాత ఖత్‌లు తీసి, కాసేపు చూసుకుని మళ్లీ పెట్టేసింది.

ఉమ్రా అయింది, అల్హమ్దులిల్లా. జెడ్డా నుంచి అర్ధరాత్రి బయల్దేరి, ఇంకా తెల్లవారకుండానే దుబాయ్‌లో దిగాం. టెర్మినల్ 3. 2008లో తెరిచారు. ఈ ఎయిర్‌పోర్ట్ మొదలైంది 1960లో. 2024లో ఇక్కడి నుంచి 9 కోట్ల 23 లక్షల మంది ప్రయాణం చేశారు. అందులో మన ఇండియావాళ్లదే మొదటి స్థానం. అమ్మీకి ఈ లెక్కలు చెబుతుంటే ఆమె చుట్టూ చూస్తోంది. మెరిసే స్తంభాలు, తనంత తానే నడిచే నేల, బంగారం దుకాణాలు. ఎస్.కోట కాంప్లెక్సులో విశాఖ బస్సు కోసం నిలబడ్డట్టే బ్యాగు పొట్టకి అదుముకుని నిలబడింది. తర్వాత నెమ్మదిగా నా చెయ్యి లాగి అడిగింది.

"కూల్‌డ్రింక్ ఎక్కడిస్తారు బేటా?"

నాకు గుండె జారిపోయింది. ముప్పై ఐదేళ్లయింది. మర్చిపోయి ఉంటుందనుకున్నాను.

"ఏ కూల్‌డ్రింక్ అమ్మీ?"

"మీ అబ్బా రాశారు కదా మొదటి ఖత్‌లో. దిగగానే కుర్చీలో కూర్చోబెట్టి చల్లటి కూల్‌డ్రింక్ ఇస్తారని. నువ్వే కదా చదివావు."

అవును, నేనే చదివాను. ఆ మాట పట్టుకుని అమ్మీ ఎన్నేళ్లు మా వీధిలో చెప్పుకుందో నాకు తెలుసు. గల్ఫ్‌కి వెళ్లే ప్రతి పిల్లాడి తల్లికీ, "దిగగానే కూల్‌డ్రింక్ ఇస్తారమ్మా, ఇజ్జత్‌గా చూసుకుంటారు" అని ధైర్యం చెప్పేది. "ఇప్పుడు పద్ధతి మారింది, కొనుక్కోవాలి" అన్నాను. "పోన్లే, అప్పుడు జనం తక్కువ" అని సర్దుకుంది.

ఫజర్ టైమ్ అయింది. నమాజ్ గదులు ఎయిర్‌పోర్ట్‌లో చాలాచోట్ల ఉన్నాయి, ఆడవాళ్లకి వేరే. అమ్మీకి సఫర్ మసాయిల్ అన్నీ కంఠతా. ఎస్.కోట పొలిమేర దాటగానే నేను ముసాఫిర్‌నంటూ కస్ర్ మొదలుపెట్టేసింది. నాలుగు రకాత్‌లవి రెండు. ఫజర్, మగ్రిబ్‌లకి తగ్గింపు లేదు. వుజూ కోసం కాళ్లెత్తి బేసిన్‌లో పెట్టడం ఆమె మోకాళ్లతో కాని పని. అందుకని చర్మపు మోజాలు కొనిచ్చాను. వుజూతో తొడుక్కుంటే ముసాఫిర్‌కి మూడు పగళ్లూ మూడు రాత్రులూ మసహ్ చాలు. ఈ సఫర్‌లో నేను పెట్టిన ఖర్చులన్నిట్లో దండగ కానిది ఇదొక్కటే అనిపించింది.

వీల్‌చైర్ గురించి కూడా ఒక మాట. టిక్కెట్టు తీసుకునేటప్పుడే చెబితే ఉచితంగా ఇస్తారు. ఇమిగ్రేషన్ లైన్లలో ప్రాణం నిలబెడుతుంది. కాకపోతే మధ్యలో ఎక్కడో పది మంది పెద్దవాళ్ల పక్కన పార్సెల్ దించినట్టు దించేసి, ఇంకొకరు వస్తారని చెప్పి వెళ్లిపోతారు. వాళ్ల భాష వీళ్లకి రాదు. మందులు, మంచినీళ్లు, ఫోన్ నంబర్ రాసిన కాగితం పెద్దవాళ్ల చేతిలోనే ఉంచండి. మీ బ్యాగులో పెట్టుకోకండి.

సామాను చెకిన్‌లోనే ముందుకి వెళ్లిపోయింది కాబట్టి చేతులు ఖాళీ. టెర్మినల్లోంచే మెట్రో. ఆడవాళ్లకి వేరే పెట్టె ఉంది గానీ అమ్మీ నన్ను వదిలి ఎక్కనంది. సీట్లో కూర్చుని ఖజూర్ పొట్లం విప్పబోతే గోడ మీద బొమ్మ చూపించాను. ఇక్కడ తింటే జుర్మానా. "మన కిరండూల్ పాసింజర్లో అయితే ఇంటిల్లిపాదీ దస్తర్‌ఖాన్ పరుచుకుంటాం" అని పొట్లం ముడేసింది. యూనియన్ స్టేషన్లో గ్రీన్ లైన్‌కి మారి అల్ రాస్‌లో దిగాం. అక్కణ్నుంచి మెల్లగా, ప్రతి అరుగు మీదా కూర్చుంటూ, క్రీక్ ఒడ్డుకి.

క్రీక్ అంటే సముద్రం ఊళ్లోకి చొచ్చుకొచ్చిన పాయ. ఇటు దేరా, అటు బర్ దుబాయ్. మధ్యలో అబ్రాలు, చెక్క పడవలు. మనిషికి ఒక్క దిర్హమ్. అబ్బా ఖత్‌ల్లో ఈ అబ్రా ఎన్నిసార్లు వచ్చిందో. జుమా నమాజ్ అయ్యాక పడవ దాటి దేరా వచ్చి, ఇంటికి డ్రాఫ్ట్ తీసి, ఖత్ పోస్ట్ చేసి, తిరిగి పడవెక్కేవారు. పడవలో మధ్యన పొడవాటి బల్ల ఉంటుంది, జనం అటూ ఇటూ వీపులు ఆనించుకుని నీళ్ల వైపు తిరిగి కూర్చుంటారు. ఇద్దరు మనుషులు పట్టుకుంటే గానీ అమ్మీ ఎక్కలేకపోయింది. కూర్చున్నాక అడిగింది.

"డబ్బు పంపించి వెళ్లేటప్పుడు ఏ వైపు కూర్చునేవారో?"

నాకేం తెలుసు. "ఇటే అయ్యుంటుంది అమ్మీ, నీడ ఉంది" అన్నాను. ఆమె బల్ల చెక్క మీద అరచెయ్యి పెట్టి, అవతలి ఒడ్డు వచ్చేదాకా తియ్యలేదు. ఐదారు నిమిషాల దారి. దిగాక మళ్లీ ఎక్కుదామంది. మొత్తం నాలుగుసార్లు దాటాం. పడవ నడిపే బంగాలీ మనిషి నాలుగోసారి డబ్బులు వద్దన్నాడు. అమ్మీ ఒప్పుకోలేదు.

బర్ దుబాయ్‌లో పెద్ద మసీదు ఉంది. దాని వెనక సందులోనే ఎన్నో ఏళ్లు హిందువుల మందిరం ఉండేది. అబ్బా ఆ సంగతీ రాశారు. ఆయనతో ఒకే గదిలో ఉన్న విజయనగరం మనిషి మందిరానికి, ఈయన మసీదుకి వెళ్లి బయట కలుసుకునేవారట. జోహర్ మేము ఆ దగ్గర్లోనే జమాత్‌తో చదివాం. ముఖీమ్ ఇమామ్ వెనకైతే ముసాఫిర్ కూడా నాలుగూ పూర్తి చెయ్యాలి. ఆ తర్వాత ఒక చిన్న హోటల్లో పరాఠా, దాల్. ఎయిర్‌పోర్ట్‌లో ఒక్క కాఫీకి పెట్టే డబ్బుతో ఇద్దరి కడుపులూ నిండాయి. అరకు కొండ దిగువన పుట్టి పెరిగిన నాకు ఆ కాఫీ రుచి గురించి వేరే షికాయత్ ఉంది, అది ఇంకోసారి.

అసర్ దగ్గర చిన్న పేచీ వచ్చింది. మూడూ ముప్పావుకల్లా అజాన్ అయిపోయింది. "మన టైమ్ కాలేదు కదా" అంది అమ్మీ. నిజమే, మన హనఫీల అసర్ ఇంకా ఆలస్యంగా వస్తుంది. ఆమెని మసీదు అరుగు మీద కూర్చోబెట్టి నేను అటూ ఇటూ తిరిగొచ్చాను. ఆమె తన నీడ కొలుచుకుంటూ కూర్చుంది. టైమయ్యాక రెండు రకాత్‌లు చదువుకుని లేచింది. ఎంత ఊరు చూపించినా అమ్మీ తన గడియారం తనే మోసుకొస్తుంది.

సాయంత్రానికి ఎయిర్‌పోర్ట్‌కి తిరిగొచ్చాం. ఇంటర్నేషనల్ ఫ్లైట్‌కి మూడు గంటల ముందు లోపల ఉండాలన్నది ఒట్టి మాట కాదు. టెర్మినల్ 3లో గేటుకి చేరడానికే ఒక్కోసారి రైలెక్కాలి. లోపల నా దగ్గర సిద్ధంగా ఉన్న సామాన్లు రెండే. మూడు పిన్నుల ప్లగ్గు, ఖాళీ సీసా. సెక్యూరిటీ దాటాక బాత్రూముల పక్కన మంచినీళ్ల కుళాయిలు ఉంటాయి. అవి తెలియక జనం నీళ్లు కొంటుంటారు. అదీ చెయ్యలేనివాళ్లు దాహంతో కూర్చుంటారు.

అట్లా కూర్చున్నవాళ్లే కనిపించారు. ఇషా చదివి వచ్చేసరికి, చార్జింగ్ పాయింట్ దగ్గర నేల మీద ఏడుగురు కుర్రాళ్లు. అందరి బ్యాగుల మీదా ఒకే రిబ్బను ముక్క. ఒకడు ఫోన్‌లో, "ఒరే, ఇక్కడ కూకోడానికి కూడా డబ్బులు అడుగుతారేటిరా" అంటున్నాడు. ఆ "ఏటి" చెవిన పడగానే అమ్మీ ఆగిపోయింది.

"ఏ ఊరు బాబూ మీది?"

ఏడుగురూ లేచి నిలబడ్డారు. "సోంపేట దగ్గిరండి. మీది తెలుగేనాండి?" బుర్ఖాలో ఉన్న ముసలావిడ నోట ఉత్తరాంధ్ర యాస విని వాళ్ల మొహాలు వెలిగిపోయాయి. ఉద్దానం పిల్లలు. రిగ్గింగ్ పని మీద ఆఫ్రికా వెళ్తున్నారు. మధ్యాహ్నం దిగారు, తర్వాతి ఫ్లైట్ మర్నాడు ఉదయం. ఏజెంటు ఈ జాగా నుంచి కదలొద్దన్నాడట. కదిలితే విమానం తప్పిపోతుందన్నాడట. గేటు నంబర్ ఇంకా బోర్డు మీదకే రాలేదు. అయినా ఎనిమిది గంటల నుంచి అక్కడే కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కడే వెళ్లి బాత్రూమ్ కుళాయి నీళ్లు తాగి వస్తున్నారు. తిండి ధరలు చూసి, ఇంటి నుంచి తెచ్చుకున్న చేగోడీలతో సరిపెట్టుకున్నారు.

వాళ్లకి బోర్డు చదవడం చూపించాను. గేటు ముందే తెలియదని, టిక్కెట్టు మీద ఉన్న ఫ్లైట్ నంబర్ చూసుకుంటే చాలని, రాత్రి పడుకోడానికి చేతుల్లేని కుర్చీల వరసలు ఎక్కడుంటాయో, తాగే నీళ్లు ఎక్కడో చూపించాను. ఇంకో మాట కూడా చెప్పాను. విమానం చాలా గంటల తర్వాతైతే కొన్ని ఎయిర్‌లైన్స్ భోజనం కూపన్ ఇస్తాయి, ట్రాన్స్‌ఫర్ డెస్క్ దగ్గర అడిగితే పోయేదేమీ లేదు. ఇద్దరు అడగడానికి వెళ్లారు. అమ్మీ మదీనా అజ్వా ఖజూర్ విప్పి మిగతావాళ్లకి పంచింది. అవి మా చుట్టాలకి తబర్రుక్. లెక్కపెట్టి తెచ్చుకున్నవి.

వాళ్లలో చిన్నవాడు, ఇరవై ఉంటాయేమో, ఖజూర్ బుగ్గన పెట్టుకుని ఫోన్ నోటి దగ్గర పెట్టాడు. దుబాయ్‌లో వాట్సాప్ కాల్ కలవదు, మాట రికార్డు చేసి పంపుకోవచ్చు. "అమ్మా, మావు బాగున్నామే. ఏసీలో మెత్తటి కుర్చీల్లో కూకున్నాం. బిర్యానీ ఎట్టారు, కూల్‌డ్రింకు ఇచ్చారు. నువ్వు తినీసి పడుకో."

నేను అమ్మీ వైపు చూడలేకపోయాను. ఆమె నవ్వుతోంది. "చూశావా, ఎంత అబద్ధం ఆడుతున్నాడో" అంది నాతో, మెల్లగా.

ఆమెని పక్క కుర్చీల దాకా నడిపించుకెళ్లి కూర్చోబెట్టి చెప్పేశాను.

ఆ మొదటి ఖత్ రెండు పేజీలది. రెండో పేజీ పైన అబ్బా నాకోసం విడిగా రాశారు: మున్నా, ఈ పేజీ నీకు, అమ్మీకి చదవకు. దిగిన రోజు కంపెనీ మనిషి రాలేదు. ఆయన దగ్గర అడ్రస్ సరిగ్గా లేదు. ఒక పగలూ ఒక రాత్రీ ఎయిర్‌పోర్ట్ బయట గోడ నీడన కూర్చున్నారు. జేబులో ఉన్న డబ్బు ముట్టుకోడానికి భయం. మర్నాడు ఒక పఠాన్ టాక్సీవాలా చూసి, డబ్బు తీసుకోకుండా దేరాలో ఒక మసీదు దగ్గర దించాడు. అక్కడివాళ్లు కంపెనీని వెతికి పెట్టారు. అమ్మీ అడిగితే కుర్చీలో కూర్చోబెట్టి కూల్‌డ్రింక్ ఇచ్చారని చదువు, అని కింద రాశారు. పదేళ్లవాణ్ని, నేను అట్లాగే చదివాను. ఆ పేజీని నా ఉర్దూ పాఠం పుస్తకం అట్ట లోపల దాచుకున్నాను. తర్వాత ఆ పుస్తకం ఎటో పోయింది.

అమ్మీ చాలాసేపు మాట్లాడలేదు. కోపం వచ్చిందేమో అనుకున్నాను. నేనెంత మందికి చెప్పాను, అంటుందేమో అనుకున్నాను. చేతిలో తస్బీ కదలడం లేదు.

"మరి ఆ రెండు రోజులూ ఏం తిన్నారట?"

"నువ్వు కట్టిచ్చిన జంతికలు."

"అన్నీనా?"

"అన్నీ అయిపోయాయని రాశారు."

ఆమె తల ఊపింది. కాసేపయ్యాక బ్యాగులోంచి పర్సు తీసి, మిగిలిన దిర్హమ్‌లు నా చేతిలో కుమ్మరించింది. "వెళ్లు. ఆ పిల్లలకి కూల్‌డ్రింకులు పట్రా. వాడి మాట నిజం కానీ."

ఆ డబ్బు చాలలేదు, నేనూ కొంత వేశాను. కుర్రాళ్లు మొహమాటపడ్డారు. అమ్మీ గదమాయిస్తే తీసుకున్నారు. చిన్నవాడు సగం తాగి, మిగతా సగం రాత్రికని మూత బిగించి బ్యాగులో పెట్టుకున్నాడు. కూపన్ కోసం వెళ్లిన ఇద్దరూ అప్పటికి తిరిగొచ్చారు. ఏడుగురికీ దొరికాయి. మా గేటు బోర్డు మీదకొచ్చింది.

విమానం పైకి లేచాక అమ్మీ నిద్రపోయిందనుకున్నాను. దుబాయ్ దీపాలు కిందకి జారిపోతుంటే కళ్లు మూసుకునే అడిగింది.

"ఆ జంతికల్లో ఉప్పెక్కువైంది ఆ రోజు. కలిపేటప్పుడు ఏడుస్తున్నాను, చూసుకోలేదు. ఆ సంగతేమైనా రాశారా?"

"లేదు అమ్మీ. రాయలేదు."